ఏటి అవతలి గొంతు

"అమ్మా! తక్వారీ! నేనే, పిరాయని! ఇనప కత్తులు తెచ్చాను, రండి!" అని ఏటి అవతలి నుంచి కేక వినిపించింది.

తక్వారి లేవబోతే తల్లి రెక్క పట్టి కూర్చోబెట్టింది.

"అన్నయ్యేనే అమ్మా! వానల్లో తప్పిపోయినవాడు తిరిగొచ్చాడు!"

"కాదు. బయటివాళ్లెవరో మన అవా జాతి మాటలు నేర్చి పిలుస్తున్నారు. నోరుమూసుకో."

"ఆ గొంతు నాకు తెలీదా?"

అంతలో అవతల దగ్గు మొదలైంది, తెరలు తెరలుగా. బయటివాళ్లను కలిసి ఇనప కత్తులతో తిరిగొచ్చిన నాన్న కూడా అలాగే దగ్గాడు. ఆ దగ్గు అంటుకుని ఆయన వెనకే గుంపంతా చచ్చిపోయింది. మిగిలింది తల్లీ, తక్వారీ, అన్నయ్యా, ఈ ముగ్గురే.

తల్లి నిప్పుకొరివి అందుకుని అడవి లోపలికి దారి తీసింది.

"అమ్మా!" అని మళ్లీ పిలుపు. ఆమె అడుగు ఆగిపోయింది. ఏడుపు బయటికి రాకుండా పిడికిలి నోట్లో కుక్కుకుంది.

తక్వారి ఆ ముఖం చూసింది. తల్లి చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది.

"పదవే అమ్మా. అన్నయ్య కాదులే."