ఒక్క మాట విడవకుండా

కాలేజీకి గుర్తింపు ఇవ్వడానికి ఢిల్లీ నుంచి తనిఖీ బృందం వచ్చింది. వాళ్లకు తెలుగు రాదు. వనపర్తిలోని ఆ ప్రైవేటు కాలేజీ ప్రిన్సిపాల్‌కు హిందీ రాదు, ఇంగ్లిషూ అంతంతే. అందుకే అక్కడే డిగ్రీ చదివే రుబీనాను పిలిపించాడు.

"మీ ఇంట్ల ఉర్దూనే గదా. ఇక్కడ ఎవరేమన్నా ఒక్క మాట ఇడ్శిపెట్టకుండ వాళ్లకు చెప్పాలె."

"సరే సార్."

తల్లిదండ్రుల వంతు వచ్చింది. పిల్లలతో ల్యాబుల్లో ప్రయోగాలు చేయిస్తున్నారా అని బృందం పెద్ద అడిగాడు. గోపాల్‌పేట రైతు చిన్నయ్య లేచి, "మా బిడ్డ ఎన్నడు సూడలేదంటది..." అని నసిగాడు.

ప్రిన్సిపాల్ నవ్వు చెదరనీయకుండా తెలుగులోనే అన్నాడు: "చేయిస్తున్రని చెప్పు. లేకుంటే నీ బిడ్డ సర్టిఫికెట్లు నా బీరువలనే ఉంటయ్."

ఆయనేమంటున్నాడని బృందం పెద్ద అడిగాడు. రుబీనా అంతా హిందీలో చెప్పింది.

అందులో 'సర్టిఫికెట్' అన్న మాటొక్కటి అర్థమై ప్రిన్సిపాల్ ముఖం మాడిపోయింది.

"ఏం చెప్పినవ్?"

"మీరన్నదే సార్. సర్కారు ఫీజు పంపలేదని పోయినేడు హాల్‌టికెట్లు ఇయ్యకుండ మమ్మల్ని గేటు బయట నిలబెట్టిన్రు. అండ్ల నేనున్న. మీకు యాది లేదు."

ఆమె కుర్చీని బృందం దగ్గరకు లాక్కుంటూ ఆయనతోనే అంది:

"ఇగ నాది చెప్త."