జారిన చెంప

గది కిరాయికి అడగవచ్చిన మనిషి ముసుగు పైకెత్తగానే హబీబున్నీసా చేతిలోని చాట ఆగిపోయింది.

జుట్టు చూస్తే అరవై దాటినట్టుంది. ముఖం చూస్తే నలభై కూడా లేదు. నవ్వితే పెదవులు కదిలాయి గానీ చెంపలు కదలలేదు.

"బంబైల సినిమాలల్ల చేస్తుంటి. ఎనక నిలబడే వేషాలు," అందామె. "ముసలిదైతే ఎవరు పనిస్తరు? చెవుల ఎనకకెల్లి తోలు గుంజి కుట్టించుకున్న."

"యా అల్లా! నొప్పి కాలేదా?"

"ఆకలి కన్న ఎక్కువనా బీ?"

ఆ జవాబు హబీబున్నీసాకు నచ్చింది. గది చూపించింది.

"ఇంట్ల ఎవరెవరుంటరు?"

"నేనొక్కదాన్నే. అబ్బా పోయిండు, అమ్మీ పోయింది. మున్నీబీ అని నాకన్న పెద్దది, ఒక ఆపా ఉండెనట. నా చిన్నప్పుడే హైదరాబాద్‌ల కలరాతోని సచ్చింది."

వచ్చినామె తాళంచెవి అందుకోబోయి ఆగింది.

"గోరీ ఎక్కడుంది?"

"అబ్బాకే తెలుసు. మేమెవరం చూడలే. నలభయ్యో దినం ఫాతెహా మాత్రం మంచిగ చేసిండు. ఆనాడు పంచిన బూంది నాకింక యాదికుంది."

"మంచిగ చేసిండు," అని తలూపి, ఆమె గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

గల్లీ మొత్తానికి ఒకే టీవీ ఉన్న రోజులవి. సినిమా మనిషి దిగిందని తెలిస్తే ఊరుకుంటారా? వంకలు పెట్టుకుని వచ్చి చూసిపోయారు. బంబై బీ అని పేరు కూడా పెట్టారు.

హబీబున్నీసా పని వేరు. మొహల్లాలో ఆడవాళ్లెవరు కన్నుమూసినా గుసుల్, అంటే ఆఖరి స్నానం, ఆమే చేయించాలి. మొదటి చెంబు పోసే హక్కు సొంతవాళ్లది. అందుకే పరదా అవతలికి వినబడేలా "సొంతోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగిన తర్వాతే ఆమె చెంబు ముట్టుకుంటుంది.

ఒకరోజు అద్దం ముందు తల దువ్వుకుంటూ విసుక్కుంది.

"చూడు, నా ఎడమ చెంపొక్కటే దిగుతున్నది. అమ్మీకి గిట్లనే దిగి పెదవి కొస వంగింది. నేను గూడ కుట్టించుకోవాలె, నీ లెక్క."

బంబై బీ దగ్గరికి వచ్చి ఆ చెంప మీద చెయ్యి వేసింది.

"ముట్టియ్యకు. గట్లనే ఉండనీ."

ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది.

చలికాలం వచ్చేసరికి బంబై బీ చిక్కిపోయింది. ఏది తిన్నా కడుపులో నిలిచేది కాదు. ఒంట్లో కండ కరుగుతున్నకొద్దీ, బిగించి కుట్టిన ముఖం దూది తీసిన దిండు గలీబులా వదులయింది.

"డాక్టర్ ముందుగాలనే చెప్పిండు," అంది తేలిగ్గా. "సన్నబడితే ముఖం మల్ల దిగుతది, ముసలితోలు బిగుసుకోదు, పైలం అని."

"మల్ల కుట్టించుకోరాదు?"

"వద్దు బీ. దిగనీ. నా ముఖం నేను చూడక శానా దినాలయింది."

ఇంతలో పక్కింటి తాహెరా వాళ్ల అత్త చనిపోయింది. హబీబున్నీసా గబగబా వెళితే గుమ్మంలోనే ఆపేశారు.

"సినిమాల ఎగిరినదానికి అన్నం పెట్టిన చేతులతోని మా అత్తకు గుసుల్ చేస్తవా?" అంది తాహెరా. "వేరేవాళ్లను పిలిచినం, నువ్వు పో."

హబీబున్నీసాకు తల కొట్టేసినట్టయింది. కుండ మూతికి మూకుడు పెట్టొచ్చు గానీ ఊరి మూతికి పెట్టలేం. నలుగురి నోళ్లు మూయించడం కంటే ఒక గది ఖాళీ చేయించడం తేలిక.

"వేరే జాగ చూసుకో," అంది ఇంటికి రాగానే.

"ఎక్కువ దినాలుండను బీ. గీడనే ఉండనీ."

"నా ఇజ్జత్ పోతున్నది. ఇయ్యాలనే పో."

బంబై బీ సంచి సర్దుకుంది. గడప దాటుతూ వెనక్కి తిరిగింది.

"నేను పోతే నీళ్లు నువ్వే పొయ్యాలె."

"గవన్ని ఇప్పుడెందుకు?" అంటూ హబీబున్నీసా ముఖం తిప్పుకుంది.

ఆ వారంలోనే మసీదు పని చూసే ఇషాక్ వచ్చి పిలిచాడు.

"చాచీ, బంబై బీ మన సిద్దిపేట బస్టాండ్లనే పడి ఉండెనట. దవాఖానకు తీసుకపోయిన్రు గని పానం నిలువలే. మసీదు ఎనక గదిల పెట్టినం. గుసుల్‌కు ఒక్కరు గూడ వస్తలేరు."

హబీబున్నీసా కొంగు కప్పుకుని నడిచింది. వెళ్లగొట్టింది తానే కదా.

పరదా కట్టారు. రేగాకు వేసి కాచిన నీళ్లు తెచ్చి గుసుల్ బల్ల పక్కన పెట్టారు. ఎవరూ రారని తెలిసినా అలవాటుగా అడిగింది.

"సొంతోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"ఎవరున్నరు చాచీ, ఎవరూ లేరు. కానియ్యి," అన్నాడు ఇషాక్ బయటినుంచి.

తెరుచుకున్న నోరు మూసి గదవకు గుడ్డ కట్టడానికి వంగింది. చెవుల వెనక కుట్ల మచ్చలు తెల్లగా ఉన్నాయి. ఆ కుట్లు పట్టి ఉంచిందేమీ మిగల్లేదు. కుడి చెంప ఎముకకు అంటుకుపోయింది. ఎడమ చెంపొక్కటే జారి, పెదవి కొసను కిందికి వంచింది.

ఈ ముఖాన్ని ఆమె ఇంతకుముందు కడిగింది.

ఇదే బల్ల మీద, ఇవే చేతులతో. అమ్మీ పోయిననాడు.

గదవకు కట్టే గుడ్డకు ముడి పడలేదు. ఎవరూ చూడని గోరీ గుర్తొచ్చింది. కూతురు లేచిపోయిందని చెప్పుకోలేక, అబ్బా బతికున్నదానికే ఫాతెహా చేసి బూంది పంచాడు. ఆ సంగతి తాను సంబరంగా ఎవరికి చెప్పిందో కూడా గుర్తొచ్చింది.

"పోసినవా చాచీ?"

ఆమె ముడి బిగించి, చెంబు అందుకుంది.

"ఎవరూ లేరని ఇంకోసారి అనకు ఇషాక్," అంది హబీబున్నీసా చెంబు ముంచుతూ. "మా ఆపాకు మొదటి చెంబు నేనే పోస్తున్న."