ఏడుపు వినపడకూడదు

పాప మళ్ళీ ఏడ్చింది.

ఉషి రొమ్ము అందించింది. పాలు లేవు.

గుహలో అందరూ ఊపిరి బిగబట్టారు.

సైపాన్ దీవిలో అమెరికా సైన్యం దిగి మూడు వారాలైంది. జపాన్‌లోని ఒకినావా నుంచి చెరకు పనికి వచ్చి స్థిరపడ్డవాళ్ళంతా ఓడిపోతున్న జపాన్ సైనికులతో పాటు మార్పి కొండల్లోకి వచ్చిపడ్డారు. ఉషి మొగుడు దారిలోనే ఫిరంగి దెబ్బకు పోయాడు. ఆమె ఏడవలేదు. నడుస్తూనే ఉంది.

"ఏయ్, దాని నోరు మూయించు" అన్నాడు సార్జెంట్ కురాతా. "అమెరికావాళ్ళు నెత్తిమీదే తిరుగుతున్నారు. నువ్వు చేస్తావా, నన్ను చెయ్యమంటావా?"

అతని చేతిలో కత్తి ఉంది.

"దాహమయ్యా దానికి. ఒక్క గుక్క నీళ్ళు..."

"ఇద్దర్నీ కలిపి పంపిస్తా."

మూలనున్న ఆడమనిషి లేచింది.

పేరు కోహానా. అక్కడ ఎవరికీ ఏమీ కాదు. గరాపాన్ పట్నంలో పానశాలలో సిపాయిలకు మద్యం పోసేదట.

"ఇటియ్యి. నేను చూసుకుంటా."

"వద్దక్కా! నీ కాళ్ళు పట్టుకుంటా."

కోహానా ఆమె వేళ్ళు విడదీసి పాపను లాక్కుంది. సముద్రం వైపున్న చీలికలోంచి బయటికి దూరింది.

ఏడుపు దూరమై, ఆగిపోయింది.

ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

చాలాసేపటికి ఆమె తిరిగొచ్చింది. నడుము దాకా తడిసి ఉంది. చేతులు ఖాళీ.

"ఏం చేశావ్?" సార్జెంటు అడిగాడు.

"సముద్రంలో పడేశా."

అతను ఒక బిస్కెట్టు విసిరాడు. ఆమె అక్కడే కూర్చుని తినేసింది.

"ఎలా దిగుతోందే నీకు?" అన్నాడు గిమా తాత. ఉషి వాళ్ళతో పాటే చెరకు తోటల్లో పనిచేసిన ముసలాయన.

"ఆకలేస్తే దిగుతుంది తాతా."

"మందు పోసుకుని బతికేదానికి పిల్లలంటే ఏం తెలుస్తుందిలే."

కోహానా జరిగి ఉషి పక్కన చేరింది. చెవి దగ్గరకు వంగి ఏదో చెప్పబోయింది.

ఉషి ఆమె ముఖాన ఉమ్మింది. "ముట్టుకోకు నన్ను!"

"చప్పుడు చెయ్యొద్దన్నానా!" సార్జెంటు లేచొచ్చి ఇద్దరి మధ్యా కూర్చున్నాడు.

కోహానా ముఖం తుడుచుకుంది. ఇక నోరు విప్పలేదు.

మర్నాడు గుహ బయట ఎవరో జపనీసులో కేకేశారు.

"బయటికి రండి. మిమ్మల్నేమీ చెయ్యం. నీళ్ళున్నాయి."

జనం కదిలారు. కురాతా నడుముకున్న చేతిబాంబు తీశాడు.

"ఎవడూ వెళ్ళడానికి వీల్లేదు."

కోహానా అతని చేతి మీద పడింది. ఉషిని గిమా తాత బండ వెనక్కి లాగేశాడు. బాంబు పేలింది.

పొగ తగ్గాక చూస్తే సార్జెంటు చచ్చిపడి ఉన్నాడు. పక్కనే కోహానా ఊపిరి లేకుండా పడి ఉంది.

ఉషి ఆమెను దాటుకుని బయటికి నడిచింది. వంగి చూడలేదు.

కంచె వేసిన అమెరికా శిబిరంలో ఆమెకు నీళ్ళిచ్చారు. తాగింది. అన్నం పెట్టారు. తింది. పేరడిగితే చెప్పింది. పిల్లలున్నారా అంటే లేరంది.

సాయంత్రం ఒక దుబాసీ సైనికుడు డేరాలోకి వచ్చాడు. హవాయిలో పుట్టిన జపాన్ వాళ్ళబ్బాయి. అతని చేతుల్లో ఒక పాప నిద్రపోతోంది.

"అమ్మా, ఒకసారి చూడు."

ఉషి చూసింది. చెయ్యి చాపడానికి భయపడింది.

"నీ బిడ్డేనా?"

తలూపింది. అతను పాపను ఒడిలో పెట్టాడు. పాప ఒళ్ళు వెచ్చగా ఉంది.

"ఇది సముద్రంలో..." ఉషి పాప చెంప తడిమింది. "ఎవరు తెచ్చారు?"

"మీ గుహలో ఆమేనమ్మా. నడుము లోతు నీళ్ళలో పాపను నెత్తిమీద పెట్టుకుని ఒడ్డునున్న మా దగ్గరికొచ్చింది. నాతోనే మాట్లాడింది."

"మరి..."

"ఇంక భయం లేదు, ఇక్కడే ఉండిపో అన్నాను. వినలేదు. 'ఖాళీ చేతులతో నేను కనబడకపోతే సార్జెంటు ఈ పిల్ల తల్లిని చంపేస్తాడు' అని, వచ్చిన దారినే నీళ్ళలోకి దిగి వెళ్ళిపోయింది."