రెక్క వంగిన బాతు

“దాన్ని మాత్రం కొట్టకు” అంది తైనా.

జోనాసి తుపాకీ దించలేదు. దీవి చుట్టూ సముద్రం గడ్డకట్టినా, ప్రవాహం వడికి ఇక్కడ కాస్త నీరు నల్లగా మిగిలింది. అందులో ఈడర్ బాతుల గుంపు మునుగుతూ తేలుతూ ఉంది. గుంపుకు ఎడంగా, మంచు అంచును ఆనుకుని ఒక్క మగబాతు. దాని రెక్క ఒకటి వంకరగా వేలాడుతోంది.

“ఎగరలేదు వదినా. ఎలాగూ ఈ చలికి చస్తుంది. అమ్మ నిన్నటి నుంచీ పులుసు కావాలంటోంది.”

“గుంపులోంచి కొట్టుకో.”

తుపాకీ పేలింది. గుంపు లేచిపోయింది. నీటి మీద చచ్చి తేలిన బాతును జోనాసి కొక్కెం తాడు విసిరి దగ్గరికి లాక్కున్నాడు. రెక్క వంగిన బాతు బెదిరి మునిగి, మళ్ళీ అక్కడే తేలింది. నోట్లో ఆల్చిప్ప. దాన్ని చిప్పతో సహా మింగి, ఒళ్ళు విదిలించుకుని, మళ్ళీ తల కిందికి వేసింది. తైనా రెప్ప వాల్చకుండా చూస్తోంది. ఊపిరి ఆవిరి ఆమె కనుబొమల మీద తెల్లగా పేరుకుంది.

“రోజూ ఇదేనా నీ పని?” అన్నాడు జోనాసి. “ఆడవాళ్ళు ఏమంటున్నారో తెలుసా? మొగుడు వదిలేశాక బాతుతో కాపురం పెట్టిందట.”

“మీ అన్నకంటే నయం. మునిగినా తేలుతుంది.”

జోనాసి నవ్వబోయి మానేశాడు.

సముద్రం కొత్తగా గడ్డకట్టిన రోజుల్లో తైనాకీ ఆమె మొగుడు మార్కుసికీ పెద్ద గొడవ అయింది. అవతలి గడ్డ మీద, వ్యాపారుల ఊళ్ళో ఉండే ఏవా అనే విధవరాలి గురించి. తెల్లారగానే మార్కుసి తైనా అల్లిన ఎర్ర ఉన్ని చేతితొడుగులు తొడుక్కుని, తుపాకీ భుజాన వేసుకుని, ఒక్క మాటా మాట్లాడకుండా బయటికి నడిచాడు. ఆ రోజే దీవి రెండో కొస నుంచి కుక్కబళ్ళు అవతలి గడ్డకు బయలుదేరాయి. వాటితో పోయాడన్నారు అందరూ. ఏవా ఒళ్ళో వెచ్చగా ఉండి ఉంటాడన్నారు. ఆ బళ్ళు ఇంకా తిరిగి రాలేదు. నోటి దురుసుతో కొడుకును తరిమేసిందని అత్త తైనాతో మాట్లాడటం మానేసింది. ఒకే పొయ్యి దగ్గర కూర్చుని, గిన్నె మాత్రం ఇటు తోసేది.

“బళ్ళు రానీ, నేనే పోయి లాక్కొస్తా” అన్నాడు జోనాసి. “అన్న అని కూడా చూడను. సిగ్గులేని వెధవ.”

“అంత దూరం పోనక్కర్లేదు.”

“ఇంకా వాణ్ణే వెనకేసుకొస్తున్నావా?”

తైనా బాతు మునిగిన చోటు వేలితో చూపించింది. “కొక్కెం అక్కడ వెయ్యి.”

“దేనికి? ఆల్చిప్పలకా?”

“వెయ్యి. ఒక్కదాన్ని లాగలేననే నిన్ను తీసుకొచ్చాను.”

“అసలేముంది అక్కడ?”

“మిగతావి నడిమికి పోయి తింటాయి. రెక్క సరిగా లేక ఇది మాత్రం ఈ అంచు కిందే తింటుంది. కిందటి వారం పైకొచ్చినప్పుడు ముక్కుకి ఎర్ర ఉన్ని పోగు చిక్కుకుని ఉంది.”

“ఏ వల ముక్కో అయ్యుంటుంది.”

“వలలు ఉన్నితో అల్లరు జోనాసీ.”

అతడు ఆమె ముఖంలోకి చూశాడు. కొక్కెం విసిరాడు. బాతు చప్పుడు చేస్తూ పక్కకు ఈదుకుపోయింది. కొక్కెం ఖాళీగా వచ్చింది. మళ్ళీ విసిరాడు. మళ్ళీ. ఈసారి తాడు బిగిసింది.

“రాయి” అన్నాడు.

“రాయి కాదు. మెల్లగా లాగు.”

ఇద్దరూ కలిసి లాగారు. సీలు తోలు తాడు మంచు అంచును ఒరుసుకుంటూ కిర్రుమంటోంది. నల్లటి నీరు మెల్లగా ఉబ్బి, విచ్చుకుంది. ఎర్ర ఉన్ని తొడుగున్న చెయ్యి ఒకటి పైకి తేలింది. జోనాసి తాడు వదలకుండా మంచు అంచు దాకా పాకాడు.

“అమ్మకి ఏం చెప్పను వదినా?”

తైనా తాడును మణికట్టుకు గట్టిగా చుట్టుకుంది.

“మీ అన్న నన్ను వదిలి పోలేదని చెప్పు.”