కరెంటొచ్చిన ఏడు

శుక్రవారం సాయంత్రం అయిదులోపు తెమ్మని జిల్లా క్రీడల ఆఫీసులో చెప్పినవి ఇవి. గూడేనికి కరెంటు లైను వేసిన ఏడాది కాగితం. పురుడు పోసిన ముసలమ్మ వేలిముద్ర. రిటైరైన హెడ్మాస్టర్ సంతకం. బడి రిజిస్టర్‌లో తేదీ తప్పుగా రాసినవాడి వాంగ్మూలం. వీటితోపాటు, రోజూ పొద్దున పుష్పలత చేత ఆరు రౌండ్లు పరుగెత్తించాలి. అది ఎవరూ చెప్పలేదు. కోచ్ రాంబాబే కలుపుకున్నాడు.

ఇవన్నీ ఫోన్‌లో ఎక్కించుకుని, దరఖాస్తు పుష్పలతను రాయమన్నాడు.

"మీరే రాయండి సార్. నా రాత కోడి గెలికినట్టుంటది."

"దరఖాస్తు నీది. నువ్వే రాయాలె."

పదహారేళ్లలోపు ఎనిమిది వందల మీటర్ల పరుగులో పుష్పలత జిల్లాలో మొదటి స్థానం తెచ్చుకుంది. వారం తిరగకుండానే రెండో స్థానం వచ్చిన అమ్మాయి తండ్రి ఫిర్యాదు చేశాడు. బడి కాగితంలో పుష్పలత వయసు పదిహేడు. మెడల్ వెనక్కి తీసుకున్నారు. శుక్రవారంలోపు రుజువు చూపకపోతే రాష్ట్ర పోటీలకు ఆమె పేరు వెళ్లదు. వచ్చే ఏటికి ఆ వయసు నిజంగానే దాటిపోతుంది.

అసలు వయసు పదిహేను. తల్లి చిన్నక్కకు తేదీలు తెలియవు. గూడేనికి కరెంటొచ్చిన ఏడు, ఇప్పపూలు ఏరే రోజుల్లో బిడ్డను కన్నది. హాస్టల్ బడిలో చేర్చిన రోజు బల్ల దగ్గర కూర్చున్నవాడికి అదే చెప్పింది. నాలుగేళ్ల పిల్లను చేర్చుకోరు. వాడు ఆరేళ్లని లెక్కకట్టి, జూన్ ఒకటి అని రాసి చేర్పించాడు.

"ఆ బల్ల కాడ కూసున్నోని చెయ్యి పడిపోను," అంది చిన్నక్క, రాంబాబుకు అన్నం పెడుతూ. "నువ్వు తిను సారూ. మూడు దినాల సంది నీ మొకంల నెత్తురు లేదు."

అతను పళ్లెం పక్కకు జరిపాడు.

"వాణ్ణి ఎట్ల పట్టుకుందాం సార్?" అంది పుష్పలత.

"ముందు మిగతావి కానీ."

బుధవారం కరెంటు ఆఫీసు కాగితం చేతికొచ్చింది. అదే రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. అవతలివాడు పేరు చెప్పలేదు. గొంతు మాత్రం మర్యాదగానే ఉంది.

"కాంట్రాక్టు కోచ్‌వి. వచ్చే నెల రెన్యూవల్ ఉంది కదా తమ్ముడూ. పాత రిజిస్టర్లు కెలికితే ఎవరెవరు బయటపడతరో. నీకెందుకు?"

ఫోన్ పెట్టేశాక రాంబాబు బండి స్టార్ట్ చేయలేకపోయాడు. కిక్ మీంచి కాలు తీసేశాడు. వాళ్ల ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి అతను. నాయన ఇంకా కూలికే పోతున్నాడు. చెల్లెలి నర్సింగ్ ఫీజు అతని జీతంలోంచే వెళ్తోంది.

గురువారం ముగ్గురూ కారేపల్లి వెళ్లారు. హెడ్మాస్టర్ సాంబమూర్తి ఇల్లు అక్కడే. వీధి మలుపులోనే రాంబాబు బండి ఆపేశాడు.

"మీరు పోయి మాట్లాడండి. నేను బండి కాడ ఉంట."

"భయమా సార్?" పుష్పలత నవ్వింది. "ఆ సార్‌కు కంటి ఆపరేషన్ అయిందంట. కొడదామన్నా మీరు కనబడరు."

అతను బండిని గోడ చాటుకు జరిపాడు.

అరగంట తర్వాత సంతకంతో తిరిగొచ్చారు. చిన్నక్క మొహం మాత్రం వాడిపోయి ఉంది.

"రాసింది తాను కాదంటుండు. ఆ ఏడు పిల్లల్ని చేర్పిచ్చేటందుకు ఇంటర్ చదివే పోరగాండ్లను రోజుకూలికి కూసోబెట్టిండంట."

"పేర్లు చెప్పిండా?"

"యాదికి లేవంట."

"ఒక్కటి కూడానా?"

"అవ్, ఒక్కటి కూడా. ఇగ వాడు యాడ దొరుకుతడు సారూ?"

రాంబాబు సీసాలో నీళ్లన్నీ తాగేశాడు.

శుక్రవారం నాలుగున్నరకు ఆఫీసర్ కాగితాలు ఒక్కొక్కటే తిరగేశాడు. కరెంటు కాగితం చూశాడు. వేలిముద్ర చూశాడు. సంతకం చూశాడు.

"రాసినోడు రాలేదా?"

"దొరకలేదు సార్," అంది పుష్పలత.

"దొరికినా రాడమ్మా. తప్పు తేదీ రాసినా అని సంతకం పెడితే కేసయితది. ఏదన్నా ఉద్యోగం చేస్తుంటే అదీ పోతది. ఎవడొస్తడు? అది లేకుంటే నేను జాబితాల పేరు పెట్టలేను."

గోడ గడియారంలో అయిదుకు పది నిమిషాలుంది. చిన్నక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పుష్పలత కాగితాలన్నీ కవర్లో సర్దింది.

"పోదాం పట్టుండ్రి సార్. మీరు గంత పరేషాన్ కాకుండ్రి. రేపు పొద్దుగాల రౌండ్లకు వస్త."

రాంబాబు కదల్లేదు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. తెల్లకాగితం ఒకటి ఇమ్మని ఆఫీసర్‌ను అడిగాడు. నిలబడే రాసి, సంతకం పెట్టి, ఆయన ముందుకు జరిపాడు.

ఆఫీసర్ చదివి, తలెత్తి అతన్ని చూసి, మళ్లీ చదివాడు.

"అయ్యా, నన్ను ఏం చేసినా సరే, జాబితా రాసేటప్పుడు పుష్పలతను మాత్రం గుర్తుపెట్టుకోండి, పదకొండేళ్ల కింద ఆ బల్ల దగ్గర కూర్చుని ఆమెకు రెండేళ్లు ఎక్కువ వేసింది నేనే."