పదకొండో లేఖ

ఆఫీసు ఉత్తరాలను వాటంతటవే తయారుచేసే మూడు సాఫ్ట్‌వేర్లలో ఏది కొనాలో తెల్లారేసరికి చెప్పాలి. అందుకే గుమాస్తా ఆ రాత్రి ఐదో అంతస్తులో ఒంటరిగా కూర్చుని మూడింటినీ పరీక్షించింది. నమూనాగా తీసుకున్నది, ఉద్యోగుల ఇళ్లలో ఎవరైనా పోతే కంపెనీ పంపే సంతాప లేఖ. అందులో పెట్టిన పది పేర్లూ ఆమె కల్పించినవే.

మొదటి రెండూ పదేసి లేఖలు ఇచ్చాయి. మూడోది పదకొండు ఇచ్చింది.

పదకొండోది ఆమెకే. "మీ అన్నగారు ఈ రాత్రి మన కార్యాలయపు మెట్ల మీద మరణించినందుకు చింతిస్తున్నాం."

ఆమె తనను తీసుకెళ్లడానికి వస్తానన్న అన్నయ్యకు ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావ్ అన్నయ్యా?"

"మీ ఆఫీసులోనే. లిఫ్టు పనిచెయ్యట్లేదే, మెట్లెక్కలేక చస్తున్నా. మూడో అంతస్తుకొచ్చా."

"అక్కడే కూర్చో. ఒక్క మెట్టు కూడా ఎక్కకు, నీకు దణ్ణం పెడతా!"

"పిచ్చిగానీ పట్టిందా? సరే, కూర్చున్నాలే."

ఆమె పరుగున వెళ్లి మెట్ల తలుపు తీసింది. కింద చీకటి. ఎవరో తాపీగా దిగుతున్న చెప్పుల చప్పుడు.

"నన్ను కూర్చోమని నువ్వే దిగొస్తున్నావేంటే?" ఫోనులో అన్నయ్య నవ్వాడు. "ఉండు, లేస్తున్నా."

ఆమె ఇంకా గడప దాటలేదు.