దవడలో రెండో ఈగ

"ఒక్క చేప నోట్లో రెండు ఈగలేంటి, జాబెజ్?"

సగ్డెన్ దొర గొంతులో తేడా విని, కాపలాదారు జాబెజ్ వల పైకి తీస్తున్నవాడల్లా ఆగిపోయాడు. వలలో మూరెడు ట్రౌట్ చేప ఎగిరెగిరి పడుతోంది. దాని దవడకు రెండు ఈగలు గుచ్చుకుని ఉన్నాయి. నిజం ఈగలు కావు, గాలం ముల్లుకు ఈక, పట్టుదారం చుట్టి నీళ్లలో మునిగేలా కట్టినవి. ఒకటి దొర ఇప్పుడే విసిరిన గాలానిది. రెండోదానికి తెగిన దారం ముక్క వేలాడుతోంది.

"అది నాది కాదు," అన్నాడు దొర. "వంతెన నుంచి మిల్లు దాకా ఈ ఏట్లో గాలం వేసే హక్కు నా ఒక్కడిదే. ఎవడో దొంగ దిగాడు. నిన్ను ఇక్కడ పెట్టింది కాపలాకా, గొర్రెలకు కబుర్లు చెప్పడానికా?"

"రోజూ రెండు పూటలా తిరుగుతూనే ఉన్నాను దొరగారూ."

"తిరిగి ఏం లాభం? వాడెవడో సాయంత్రంలోగా నాకు చెప్పాలి. లేదంటే శనివారానికి ఇల్లు ఖాళీ చెయ్."

అది జాబెజ్ పందొమ్మిదేళ్లుగా ఉంటున్న ఇల్లు. కాపలా ఉద్యోగంతో వచ్చింది, ఉద్యోగంతోనే పోతుంది.

చేప తలమీద ఒక్కటిచ్చి, ఆ రెండో ఈగను ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాడు. నీటికోడి ఈక, పసుపు పట్టుదారం. ఈక ఒకటిన్నర చుట్టు మాత్రమే, అదీ ఎడమవైపుకి. ఈ లోయలో ఈగలు కట్టేవాళ్లందరూ కుడివైపుకి రెండు చుట్లు చుడతారు. ఎడమచేత్తో ఇంత పొదుపుగా కట్టే మనిషి ఒక్కతే ఉంది. జాబెజ్ అరచేతిని కాస్త పక్కకు తిప్పుకున్నాడు.

"ఏంటి, గుర్తుపట్టావా?"

లేదందామనుకున్నాడు. కానీ దొర చూపు అతని మొహం మీదే ఉంది.

"మా ఆవిడ కట్టింది దొరగారూ."

"ఓహో!" దొర నవ్వాడు. ఆ నవ్వులో నవ్వేమీ లేదు. "అంటే నాకని కట్టే ఈగల్ని టాబిథా దొంగలకు అమ్ముకుంటోందన్నమాట. భలే సంసారం! మొగుడు కాపలా, పెళ్లాం దుకాణం."

జాబెజ్‌కు ఒళ్లు మండిపోయింది. తనను ఎన్నన్నా పడతాడు గానీ, టాబిథాను అంటే పడడు.

"ఆవిడ ఒక్క ఈగ కూడా బయటివాళ్లకు ఇవ్వలేదు. కట్టినవన్నీ మీ పెట్టెలోకే వస్తాయి. బైబిల్ తెప్పించండి, చెయ్యేసి చెబుతాను."

"నా పెట్టెలోకి వచ్చింది చేప నోట్లోకి ఎలా పోయింది మరి?"

దానికి జాబెజ్ దగ్గర ఉన్న బదులు ఒక్కటే. పైకి అంటే ఉద్యోగం పోతుంది, అనకపోతే పెళ్లాం దొంగ అవుతుంది. తన దారం తెంపే చేప ఈ వార్ఫ్ ఏట్లో ఇంకా పుట్టలేదని సత్రంలో బల్ల గుద్ది మరీ చెప్పే మనిషి సగ్డెన్ దొర. మా ఏటి ఒడ్డున మగవాళ్లు మిల్లులో నష్టం వచ్చిందని ఒప్పుకుంటారు, తాగి కాలవలో పడ్డామని కూడా ఒప్పుకుంటారు. తొందరపడి లాగి చేపను పోగొట్టుకున్నామని మాత్రం చచ్చినా ఒప్పుకోరు.

"అయితే నేనే తెంపుకున్నానంటావా?" దొర ఒక్కో మాటా తూచి అడిగాడు.

"నేనేమీ అనలేదు దొరగారూ."

"నీ మొహం అంటోంది."

"మొహం నా మాట వినదు. పందొమ్మిదేళ్ల నుంచి చూస్తున్నారుగా."

దొర చెవులు ఎర్రబడ్డాయి. గాలం కర్ర మీద పిడికిలి బిగుసుకుంది. ఇక కొట్టడమే తరువాయి అనుకుని జాబెజ్ కాళ్లు గట్టిగా ఆనించి నిలబడ్డాడు. దొర వంతెన వైపు చూశాడు. అవతలి ఒడ్డు వైపు చూశాడు. గొర్రెలు తప్ప ఎవరూ లేరు.

"ఏప్రిల్‌లో," అని గొణిగాడు. "అదిగో, ఆ చెట్టు వేళ్ల దగ్గర. ఆత్రంకొద్దీ లాగాను. పటుక్కున తెగింది."

జాబెజ్ ఊపిరి పీల్చుకున్నాడు.

"ఈ సంగతి సత్రం దాకా వెళ్లిందంటే..."

"ఏ సంగతి దొరగారూ?"

దొర అతణ్ణి ఎగాదిగా చూసి, గాలం దారం చుట్టుకోవడం మొదలుపెట్టాడు. "ఆ చేప నువ్వే పట్టుకెళ్లు. దాన్ని నా బల్ల మీద చూస్తూ తినలేను."

ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని టాబిథా ఈగలు కడుతోంది. జాబెజ్ చేపను బల్ల మీద పడేసి, టీ కూడా అడగకుండా జరిగిందంతా చెప్పాడు. దొర నవ్వు నవ్వి చూపించాడు, దొర గొణుగుడు గొణిగి చూపించాడు. 

"శనివారానికి రోడ్డున పడేవాళ్లం టాబీ. ఎదురు నిలబడి మరీ నీ పేరు కాపాడాను. ఇన్నేళ్లలో ఆయన నోట మొదటిసారి నిజం రప్పించాను."

"మంచిపని చేశావయ్యా," అంది టాబిథా. లేచి వచ్చి చేపను రెండు చేతులా ఎత్తింది. వెలుతురులోకి తిప్పి, దవడ తెరిచి చూసింది. ఒకసారి బరువు చూసుకుని పెదవి విరిచింది.

"ఇంతేనా? మంగళవారం నా దారం తెంపుకుపోయినప్పుడు ఇంకా పెద్దదనుకున్నానే!"